గోడవైపు తిప్పిన కుర్చీ

జనవరి 7, 2024 - ఆదివారం

చెప్పేశాను. అందరిముందూ.

దుబాయ్ డేరాలో మా తెలుగు సంఘం కార్యవర్గం వాళ్ళ టీ. ఆదివారమే ఎందుకంటే ఆదివారం దుబాయ్‌లో పార్కింగ్ ఉచితం. ఇది మా ఆయన పెట్టిన శాసనం. సినిమా కానీ, చేపల మార్కెట్టు కానీ, ఊర్నించి వచ్చిన చుట్టాలకి అబ్రా పడవ ఎక్కించడం కానీ, షార్జా దాటితే ఆదివారమే. వారాంతపు సెలవు ఆదివారానికి మారకముందు శుక్రవారం ఉచితం కాబట్టి అప్పుడు శుక్రవారాలు.

"అధ్యక్ష పదవికి ఇంకెవరైనా ఉన్నారా?" అని పెద్దాయన మూర్తిగారు అడిగారు. మాట వరసకి అడగడమే. రాఘవులు అన్నయ్యగారు రెండోసారి ఉంటారని అందరికీ తెలుసు. "నేనున్నానండీ" అన్నాను. చెంచాల చప్పుడు ఆగిపోయింది. రాఘవులు అన్నయ్యగారు నవ్వారు. "శుభం చెల్లెమ్మా! పోటీ ఉంటేనే మజా."

మా ఆయన టీలో పంచదార కలుపుతూనే ఉన్నారు. ఆయన పంచదార వేసుకోరు.

షార్జాలో మా ఇంటికి బయల్దేరాం. అల్ నహ్దా సిగ్నల్ దగ్గర - "ముందు నాతో ఓ మాట అనొచ్చుగా ఉమా." అంటే వద్దంటారని అనలేదు. ఆ సంగతీ అనలేదు.

జనవరి 8

మా పద్ధతి బయటివాళ్ళు వింటే నవ్వుతారు. మూడు చోట్ల సమావేశాలు. ముందు షార్జాలోని రోలా, తరవాత దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్ కార్మికుల క్యాంపులు, ఆఖర్న డేరా. మూడింట్లో రెండు ఎవరు గెలిస్తే వాళ్ళే అధ్యక్షులు. భోజనాలయ్యాక చేతులెత్తడమే. కాగితాల్లేవు, పెట్టెల్లేవు. సభ్యులు ఎన్ని చోట్లకి వస్తే అన్ని చోట్లా ఎత్తొచ్చు. పోటీలో ఉన్నవాళ్ళు మాత్రం కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి. ఎవరి చెయ్యి ఎవరికి లేచిందో చూడకూడదు - రేపు మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా. ఈ నియమం పెట్టినవాడెవడో మహా మర్యాదస్తుడు అయి ఉండాలి. లేదా మహా దొంగ.

ఇంకోటి. కార్యవర్గం వాళ్ళు రోలాలోనూ క్యాంపులోనూ చేతులు లెక్కపెట్టే పని చూస్తారు, అక్కడ వాళ్ళు ఎత్తకూడదు. వాళ్ళ చేతులు డేరాలోనే లేస్తాయి. మా ఆయన కార్యదర్శి. అంటే ఆయన చెయ్యి కూడా డేరాలోనే.

ఎవరికి... అని రాయబోయి ఆగాను. ఇదేం ప్రశ్న, నేను భార్యని.

జనవరి 9

నేను పనిచేసే స్కూలుకి నడిచి వెళ్తుంటే రాఘవులు అన్నయ్యగారి వీసా కాగితాల టైపింగ్ సెంటరు ముందు మా కారు. సాయంత్రం అడిగితే "జిరాక్సు తీయించాను" అన్నారు. ఆయన ఆఫీసులో జిరాక్సు మిషను ఆయన టేబులు పక్కనే ఉంటుంది.

జనవరి 11

శైలజ అడిగింది, స్కూల్లో నా పక్క టేబులు. "ఉన్నట్టుండి నీకీ రాజకీయాలు ఎందుకే?"

మంగ కోసం. పోయినేడు సంఘం పిక్నిక్ నాడు మేమందరం ఫుజైరాలో సముద్రం పక్కన చాపలు పరుచుకుని పులిహోర తింటున్నాం. అప్పుడు మంగ ఆసుపత్రి స్ట్రెచరు మీద ఉంది. ఇళ్ళలో పని చేసుకునే మనిషి, వచ్చి ఆర్నెల్లు కాలేదు, అమలాపురం తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. చేతిలో సంఘం నంబరు. చేస్తూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. తనకేం జరుగుతోందో అర్థం కాకుండానే, చెప్పే దిక్కు లేకుండానే ఆపరేషను అయిపోయింది. బతికింది, బాగానే ఉంది. కానీ నన్ను చూసినప్పుడు ఆ పిల్ల మొదట అన్న మాట - "ఫోను పాడయ్యిందాండీ?"

ఆ ఫోను ఎవరి జేబులో ఉందో ఇక్కడ రాయను.

వారమంతా ఫోను ఎత్తే మనిషి ఒకరుండాలి. పక్కన కూర్చుని మాట తిరిగి చెప్పే మనిషి ఒకరుండాలి. నాకు కావలసింది అంతే. రాఘవులు అన్నయ్యగారికి పెద్ద స్టేజీ కావాలి, హైదరాబాదు నుంచి గాయకులు కావాలి. ఆయన చెడ్డవారని అనను. ఆయనకి స్టేజీ మీంచి మనుషులు తలకాయలుగా కనిపిస్తారు, అంతే.

జనవరి 12 - శుక్రవారం

రోలా సమావేశం ఫిబ్రవరి 2న. శుక్రవారం!

హాలు మాట్లాడొచ్చింది మా ఆయన. "రోలా ఎప్పుడూ శుక్రవారమేగా" అంటారు. ఎప్పుడూ అంటే సెలవులు మారకముందు. ఇప్పుడు ఎవరి సెలవు ఎప్పుడో ఈ దేశంలో అందరికంటే ఈయనకే బాగా తెలుసు, పార్కింగ్ కోసమైనా.

మేరీ అక్కకి ఫోను చేశాను. రాజోలు మనిషి. ఇక్కడ ఒక అరబ్బుల పెద్దింట్లో వంట. మంగకి అటువైపు చుట్టం వరస.

"శుక్రవారమా! ఉమమ్మా, శుక్రవారమంటే మా మదామ్ ఆడపడుచులు, ఆళ్ళ పిల్లలు, ముసలి బాబా అందరూ దిగుతారమ్మా. ఎండు నిమ్మకాయలేసిన మచ్బూస్ పలావు గుండిగ దించి, అన్నాలు పెట్టి, గిన్నెలు తోమేసరికి ఏ వేళవుద్దో. ఆదివారమైతే మా ఆడోళ్ళమంతా బస్సెక్కి వచ్చేసేవోళ్ళం గదా."

నాకు చేతులెత్తేది మేరీ అక్కలాంటి వాళ్ళే. వాళ్ళకి ఏ వారం కుదరదో మా ఆయనకి తెలుసు. వాళ్ళని సంక్రమణాలకీ క్రిస్మస్‌కీ కార్లో దింపి వచ్చేది ఆయనే.

జనవరి 16

పొద్దున్నే లేచి ఫోన్లో అమెరికా. మాకు ఆ దేశంలో పిల్లి కూడా లేదు. అయినా నాలుగేళ్ళకోసారి ఈయనకి ఈ పిచ్చి పడుతుంది. ఎక్కడో మంచులో కూరుకుపోయిన చిన్న రాష్ట్రం, ప్రెసిడెంటు పదవికి పార్టీ ఎవర్ని నిలబెట్టాలన్నదానికి మొదటి ఓట్లు అక్కడేనట.

"ఆ దేశం మొత్తంలో ఆ రాష్ట్రమెంత? మన రోలా అంత. కానీ ముందు అక్కడ కదా. అందరూ దానికేసే చూస్తారు."

ఇడ్లీ ప్లేటు పెట్టాను. ఆగడం లేదు.

"గెలిచింది ఎవరన్నది సగమే ఉమా. ఎన్నొస్తాయనుకున్నారు, ఎన్నొచ్చాయి - అసలు లెక్క అదీ. పది వస్తాయనుకున్నవాడికి ఇరవై వస్తే ఊపు వాడిది. యాభై అనుకున్నవాడికి నలభై వస్తే గెలిచినా మొహం వేలాడేసుకోవాల్సిందే. ఆ తరవాత రాష్ట్రాలవాళ్ళు ఆ మొహాల్ని చూసి ఓటేస్తారు."

చట్నీ అడిగారు. వేశాను. రోలా అన్న మాట నాకోసం అన్నారా, ఊరికే అన్నారా?

జనవరి 19

శైలజ టిఫిను డబ్బా మూత తీస్తూ, నా మొహంలోకి చూడకుండా - "మీవారే అన్నారటగా... రోలాలో నీకు పది చేతులు దాటవని."

ఎక్కడ? టైలరు దగ్గర. ఎవరితో? అందరితో.

మధ్యాహ్నమంతా ఫీజు రసీదులు తప్పులు కొట్టాను.

జనవరి 20

అడిగాను.

"అన్నారా?"

"అన్నాను."

"ఎందుకు?"

"నాకలా అనిపించింది. అబద్ధం చెప్పమంటావా?"

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంట్లోనే డిపాజిట్టు పోయేలా ఉంది.

జనవరి 22

వాళ్ళిద్దరి సంగతి నాకు తెలియనిది కాదు. పెళ్ళికాని రోజుల్లో రోలాలో ఒకే గది. కింది మంచం రాఘవులు అన్నయ్యగారిది, పై మంచం ఈయనది. మొదటి వీసా ఆయన ఇప్పించిందే. ఆయనకి జ్వరమొస్తే ఈయన గంజి కాచారు, ఈయన ఉద్యోగం పోతే ఆయన మూడు నెలలు అన్నం పెట్టారు. మా పెళ్ళికి తెచ్చిన చీర ఇంకా నా పెట్టెలో ఉంది. అంతటి స్నేహం ముందు నేనెంత? నిన్న మొన్న వచ్చిన పెళ్ళాన్ని. ఇరవై ఏళ్ళ కింద వచ్చినా నిన్న మొన్నే.

జనవరి 24

అమెరికాలో రెండో చిన్న రాష్ట్రం. ఇవాళ నాకేమీ వివరించలేదు. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు.

జనవరి 27

జోస్యం పని చేస్తోంది. కూరగాయల కొట్టు దగ్గర ఒకావిడ నా భుజం తట్టి "పర్లేదమ్మా, అనుభవం వస్తుంది" అంది. ఇంకా ఓడిపోలేదు, అప్పుడే పరామర్శ! శైలజ కూడా నసుగుతోంది. శుక్రవారం వాళ్ళాయనకి సగం రోజు ఆఫీసట, పిల్లకి డాన్సు క్లాసట. గెలిచేదాన్నయితే పిల్లకి డాన్సు క్లాసు ఉండేది కాదు.

పది అన్నారు కాబట్టి పదే వస్తాయి. ఇందులో జోస్యం ఏముంది? పాముని వదిలి పాము వస్తుందని చెప్పడం.

ఫిబ్రవరి 2 - శుక్రవారం

రోలా. రెస్టారెంటు మేడమీద హాలు. బిర్యానీ, పెరుగు చట్నీ, గులాబ్ జామ్. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు. నాకు తప్ప.

మూర్తిగారు "కుర్చీలు తిప్పుకోండమ్మా" అన్నారు. తిప్పుకున్నాం. పక్కపక్కనే నేనూ రాఘవులు అన్నయ్యగారూ, ఎదురుగా గోడ. ఏసీ కారిన మరక ఒకటి ఉంది, దాన్నే చూస్తూ కూర్చున్నాను. అన్నయ్యగారు మెల్లిగా "బిర్యానీలో ఉప్పెక్కువైంది కదా చెల్లెమ్మా" అన్నారు. ఆ మనిషిమీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో.

ముందు ఆయన పేరు. చొక్కా చేతులు రాసుకున్న చప్పుడు. మా ఆయన గొంతు లెక్కపెడుతోంది. ముప్ఫై ఒకటి.

తరవాత నా పేరు. అప్పుడే వెనక తలుపు తెరుచుకుంది. ఎండు నిమ్మకాయల వాసన, నెయ్యి వాసన, వంటింటి చెమట వాసన. మేరీ అక్క! "ఆగండి బాబూ, ఆగండి, మేవూ ఉన్నాం." వెనకే ఇంకెవరెవరివో చెప్పుల చప్పుళ్ళు. ఆ తరవాత గాజులు. చేతులు పైకి లేస్తే గాజులు మోచేతిదాకా జారతాయని నాకిన్నేళ్ళూ తెలుసు, ఆ చప్పుడు ఇంత బాగుంటుందని తెలియదు. గోడమీది మరక మసగ్గా అయింది.

ఇరవై నాలుగు.

ఓడిపోయాను. కానీ కుర్చీ ఇటు తిప్పేసరికి జనం నా చుట్టూ! "పది దాటవన్నారు!" "ఇరవై నాలుగే!" "ఉమగారు ఇరగదీశారు!" రాఘవులు అన్నయ్యగారు ఒక్కరే ఆ మూల గులాబ్ జామ్ తింటున్నారు, గెలిచి.

మేరీ అక్క మూడింటికే లేచి వంట మొదలెట్టిందట. "అన్నాలు పెట్టేసి మదామ్‌తో ఖలాస్ అని చెప్పి వచ్చేశానమ్మా. తిట్టుద్ది, తిట్టనీ."

ఫిబ్రవరి 3

పోయిన నెల పదహారో తారీకున నేను రాసుకున్నది తీసి చదివాను. పది అనుకున్నవాడికి ఇరవై వస్తే ఊపు వాడిది.

అన్నం పెడుతూ అడిగాను. "నా కోసమే పది అన్నారా?"

"నువ్వు గెలిచావుగా."

"ఓడిపోయాను."

"మరి ఎవరూ అలా అనుకోవడం లేదే."

"నేనడిగిందానికి జవాబు చెప్పండి."

"పప్పు బాగుంది" అన్నారు.

నా కోసమే అయితే ఆ మాట నోరారా చెప్పడానికేం? కాకపోతే కాదనడానికేం? రెండూ అనకుండా పప్పు బాగుందంటారు. నిజానికి పప్పు మాడింది.

ఫిబ్రవరి 5

బాల్కనీలో ఫోను. నవ్వుతున్నారు. "లెక్క తప్పింది గురూ... ఆడాళ్ళు అలా దిగుతారని ఎవడనుకున్నాడు... సరే సరే, క్యాంపుల్లో చూద్దాం."

'గురూ' అనేది ఒక్క రాఘవులు అన్నయ్యగారినే.

క్యాంపుల్లో ఏం చూస్తారు?

ఫిబ్రవరి 9

తెలిసింది ఏం చూస్తారో. కొత్త జోస్యం బయల్దేరింది. "క్యాంపులు మొత్తం ఉమవే. రాఘవులుకి ఒక బెంచీ కూడా నిండదు." ఈసారి నాకు చెప్పింది శైలజ కాదు. మా ఆయనే, మూర్తిగారికి ఫోన్లో, నేను పక్కనుండగా, గట్టిగా.

పొంగిపోవాలా? ఆయన సూత్రం ప్రకారమే చూస్తే, యాభై అనుకున్నవాడికి నలభై వస్తే మొహం వేలాడేసుకోవాలి. నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నారు. ఎక్కించేది కింద నిలబడి పట్టుకోవడానికా, కొమ్మ విరిగితే చూడ్డానికా?

రోలాలో తక్కువ చెప్పి మేలు చేశారనుకుంటే, ఇప్పుడు ఎక్కువ చెప్పి కీడు చేస్తున్నట్టే. ఇది మేలైతే అది కీడు. రెండూ నా మీద ప్రేమతోనే అని నమ్మాలంటే నాకు బుర్ర లేకుండా ఉండాలి. లేదూ, రెండుసార్లూ మనసులో అనిపించింది అనేశారా? అదొక్కటే నేను నమ్మలేకపోతున్నాను.

ఫిబ్రవరి 12

వాన. రోలా వీధుల్లో నీళ్ళు. స్కూలు లేదు, ఆయన ఆఫీసు ఇంట్లోంచే. మధ్యాహ్నం ఉల్లిపాయలు తనే తరిగి పకోడీలు వేశారు. కిటికీ దగ్గర నిలబడి తిన్నాం. కింద ఒక టాక్సీ నీళ్ళలో ఆగిపోయి ఉంది.

"ఉద్యోగం పోయిన ఆ ఎండాకాలం రాఘవులు లేకపోతే నేను తిరిగి వెళ్ళిపోయేవాణ్ణి. నిన్ను చేసుకునేవాణ్ణీ కాదు."

ఇంకో పకోడీ ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వెందుకు నిలబడ్డావో నాకు తెలుసు ఉమా. ఆ రోజు ఆ ఫోను నా జేబులోనే ఉంది. సముద్రంలోకి దిగుతూ ప్యాంటు విప్పి కార్లో పడేశాను."

"తెలుసు."

"నీకు తెలుసని నాకూ తెలుసు."

ఏడాదిగా ఇద్దరం మోస్తున్న మాట, పకోడీలు నములుతూ అనేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను కూడా. నూనె చెయ్యి.

ఇప్పుడు ఇది రాస్తుంటే ఇంకో ఆలోచన. నేను గెలిస్తే ఆ ఫోను కథ ప్రతి సమావేశంలోనూ వస్తుంది. మంగ పేరు వస్తుంది. ఎవరి జేబు అని ఎవరో ఒకరు అడుగుతారు. నేను ఓడిపోతే ఎవరూ అడగరు.

ఈ ఆలోచన రాకుండా ఉంటే బాగుండేది.

ఫిబ్రవరి 18 - ఆదివారం

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్. క్యాంపు మెస్సు హాలు. పొడుగాటి స్టీలు బల్లలు, చల్లారని పప్పుచారు. సగం బల్లలు ఖాళీ.

నలభై చేతులు నాకు, ముప్ఫై ఆరు అన్నయ్యగారికి. గెలిచాను! కుర్చీ తిప్పాను. చప్పట్లు పెళ్ళిలో మూడో పంక్తి భోజనాల్లా ఉన్నాయి. "అంతేనా?" అని ఎవరో అన్నారు, నాకు వినపడేలాగే. అన్నయ్యగారి మొహం మాత్రం కొత్త పెళ్ళికొడుకు మొహంలా ఉంది. ఆయన భుజం ఎవరో తడుతున్నారు. మా ఆయన కాదు. అప్పుడు మా ఆయన లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుంటున్నారు.

బయట లక్ష్మన్న కనిపించాడు. నిజామాబాద్ వైపు మనిషి, అల్యూమినియం ఫ్యాక్టరీ. మంగ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రక్తం ఇచ్చినవాళ్ళలో ఒకడు. నన్ను చూసి తల గోక్కున్నాడు.

"గట్ల జూడకక్కా. మా రూమోళ్ళం పండుకున్నం. మీ సారే జెప్పిండు గదా, క్యాంపు మొత్తం మీదే అని. మేం రాకున్నా ఏంగాదనుకున్నం. నిన్నంత ఓవర్‌టైం ఉండె, ఫ్యాక్టరీ ముదీర్ ఇడిశిపెట్టలే."

సారు చెప్పాడు. సారు చెప్పాడు కాబట్టి పడుకున్నారు.

ఫిబ్రవరి 20

ఊపు తగ్గిందట నాది. శైలజ చెప్పింది, వాతావరణం చెప్పినట్టు. ఒకటి అన్నయ్యగారిది, ఒకటి నాది. గెలిచినదాంట్లో నేను ఓడినట్టు, ఓడినదాంట్లో గెలిచినట్టు. మిగిలింది డేరా.

అక్కడ మా ఆయన చెయ్యి కూడా ఉంటుంది.

ఫిబ్రవరి 23

డేరా గురించి మా ఆయన ఏమీ అనడం లేదు. టైలరు దగ్గరా అనలేదు, మూర్తిగారితోనూ అనలేదు. అందరూ నన్నే అడుగుతున్నారు, "మీవారి లెక్కేంటి?" అని.

నేనే అడిగాను.

"లెక్క లేదు ఉమా."

"రెండుసార్లు ఉంది కదా."

"రెండుసార్లూ నువ్వు నన్ను దొంగని చూసినట్టు చూశావు. మూడోసారి చెప్పను."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు... అని నోటిదాకా వచ్చింది. కక్కలేక మింగలేక బట్టలు మడత పెట్టుకున్నాను. ఆయన ముందే, ఆయన బనీన్లూ నా జాకెట్లూ ఒకే దొంతర.

ఫిబ్రవరి 28

చెప్పినా అనుమానమే, చెప్పకపోయినా అనుమానమే. ఇది ఆయన తప్పా, నా రోగమా?

మార్చి 1

ఇస్త్రీ చేస్తూ, అడగకూడదనుకుంటూనే, అడిగాను. "ఆదివారం డేరాలో మీ చెయ్యి ఎవరికి లేస్తుంది?"

"నువ్వు గోడవైపు తిరిగి ఉంటావుగా, నీకెలా తెలుస్తుంది?" అని నవ్వారు.

నేను నవ్వలేదు.

మార్చి 3 - ఆదివారం

డేరా. హోటలు మొదటి అంతస్తు హాలు. మేరీ అక్క, మంగ, వాళ్ళ వెంట ఆడవాళ్ళు పదిమంది పైనే, అందరూ పట్టుచీరల్లో. శైలజ కూడా వచ్చింది. పిల్ల డాన్సు క్లాసు మానేసింది. మా ఆయన మూడో వరస చివర కుర్చీ మీద రుమాలు వేశారు, బస్సులో సీటు ఆపుకున్నట్టు. నీలం గళ్ళ రుమాలు, నేను కుట్టిన అంచు. వేసి అక్కడే కూర్చున్నారు.

కుర్చీలు తిప్పుకున్నాం.

గోడ లేదు! ఎదురుగా కిటికీ. అద్దానికి కార్లకి వేసే నల్ల ఫిల్మ్ అంటించి ఉంది, బయట ఇరుకు చీకటి సందు, పక్క బిల్డింగు గోడ. హాలు మొత్తం ఆ అద్దంలో కనిపిస్తోంది - ఫాన్లు, తలలు, మూర్తిగారి బట్టతల. అన్నయ్యగారు కూడా చూసే ఉంటారు. ఆయన తల దించుకున్నారు. పెద్దమనిషి.

నేను దించుకోలేదు.

ముందు అన్నయ్యగారి పేరు పిలిచారు. చేతులు లేచాయి. నేను మూడో వరస చివరికి చూశాను. రుమాలు ఉంది. మనిషి లేరు.

మూర్తిగారు లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది. తరవాత నా పేరు. గాజులు జారాయి, మంగ చెయ్యి అందరికంటే పైకి, వేళ్ళు విప్పి. నేను మంగని చూడాల్సింది. కుర్చీనే చూస్తున్నాను. రుమాలు. కుర్చీ మీద రుమాలు అలాగే ఉంది.

రెండుసార్లు లెక్కపెట్టారు. సమానం.

"ఎవరన్నా ఎత్తనివాళ్ళు ఉన్నారా?" అని మూర్తిగారు అరిచారు. "కార్యదర్శి సత్యం గారు లేరండీ" అని ఎవరో. "సత్యం బాబు ఇందాక మెట్లు దిగాడు" అని మేరీ అక్క. లెక్క ముగిసిందన్నారు మూర్తిగారు, ముగిశాక వచ్చిన చెయ్యి చెల్లదన్నారు. మళ్ళీ డేరా సమావేశం పెట్టాలి, రంజాను అయిపోయాక.

అందరూ లేస్తుంటే వచ్చారు. నుదుటిమీద చెమట.

"పార్కింగ్ టైము అయిపోతోందని కిందకెళ్ళానండీ. ఫైను పడుతుందని. అయిపోయిందా అప్పుడే?"

అందరూ నమ్మారు. అయ్యో అన్నారు. రాఘవులు అన్నయ్యగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి "ఎంత పని చేశావురా" అన్నారు. ఆ గొంతులో ఉన్నది ఆనందమో బాధో నాకు తెలియలేదు. మంగ నా దగ్గరికొచ్చి "మళ్ళీ వస్తానండీ, ఎన్నిసార్లయినా" అంది. నేను ఆ పిల్లని కావలించుకున్నాను.

రుమాలు నేనే తీసి బ్యాగులో పెట్టుకున్నాను.

కారు వంతెన ఎక్కేటప్పుడు తట్టింది. ఇవాళ ఆదివారం. డేరాలో ఆదివారం పార్కింగ్ ఉచితం.

పక్కకి తిరిగి చూశాను. రోడ్డుమీదే చూపు. షార్జా వచ్చేదాకా రేడియో పెట్టలేదు.

నాకు చెయ్యెత్తలేకపోయారా, అన్నయ్యగారికి ఎత్తలేకపోయారా? అడిగితే ఏదో ఒకటి చెబుతారు. ఏం చెప్పినా నేను నమ్మను. అందుకని అడగలేదు.

మార్చి 4

రుమాలు ఉతికి ఆరేశాను.

మార్చి 5

మూర్తిగారు ఫోను చేశారు. కొత్త తేదీ కార్యదర్శే పెట్టాలట, రంజాను పండగ వెళ్ళాక ఎప్పుడైనా సరేనట.

ఆదివారం పెడితే మేరీ అక్క వాళ్ళంతా వస్తారు. శుక్రవారం పెడితే సగంమంది రాలేరు. డేరాలో ఎత్తని చెయ్యి ఇప్పుడు ఎత్తాలి. ఈసారి కిందకి దిగి వెళ్ళడానికి వీల్లేదు.

మా ఆయన వంటింట్లో క్యాలెండరు ముందు నిలబడ్డారు. నేను పోపు వేస్తున్నాను. ఏప్రిల్ కాగితం తిప్పారు. కాసేపు చూశారు.

"ఏ వారం పెట్టమంటావు ఉమా?"

ఇన్నేళ్ళలో సంఘం సంగతి ఒక్కటీ నన్ను అడగలేదు. హాలు అడగలేదు, భోజనం అడగలేదు, రోలా శుక్రవారం అడగలేదు. ఇప్పుడెందుకు అడుగుతున్నారు? నేను ఆదివారం అంటే, 'మా ఆవిడే పెట్టమంది' అని రేపు అన్నయ్యగారితో చెప్పడానికా? భారం నా మీద వేసి ఈసారి కూడా మెట్లు దిగిపోవడానికా? లేక నిజంగానే... నాకు ఏ వారం కావాలో తెలుసుకోవడానికేనా?

ఆవాలు మాడాయి. స్టవ్ కట్టేసి, జవాబు చెప్పకుండా ఇక్కడికొచ్చి కూర్చున్నాను.

ఇక్కణ్ణించి కనిపిస్తున్నారు. పెన్ను మూత తీసి పట్టుకుని, గోడమీది క్యాలెండరు వైపు తిరిగి, ఇంకా అలాగే నిలబడి ఉన్నారు. నాకు ఆయన వీపే కనిపిస్తోంది.